వద్దన్న సన్మానం

జైస్ కొండ మీద మంచు పడిందని మొదట చెప్పినవాడు టైల్స్ ఫ్యాక్టరీలో ఫోర్క్‌లిఫ్ట్ నడిపే పంజాబీ. ఆ పొద్దున గేటు దగ్గర టీ తాగుతున్నవాళ్ళంతా కలిసి అతన్ని ఓ ఆట ఆడుకున్నారు. దుబాయ్‌లో మంచేమిటి, రాత్రి ఎక్కింది నీకింకా దిగలేదన్నారు ఒకరు. మన ఫ్యాక్టరీ సున్నమే ఎగిరి కొండ మీద పడి ఉంటుందన్నారు మరొకరు. ఎనిమిది గంటలకు మబ్బు విడిపోయింది. రాస్ అల్ ఖైమా వెనకాల గోడలా నిలబడ్డ కొండల వరసలో జైస్ నెత్తి తెల్లగా కనబడింది. అప్పటిదాకా నవ్వినవాళ్ళే సెల్‌ఫోన్లు తీసి ఊళ్ళకు మిస్డ్ కాల్స్ కొట్టడం మొదలుపెట్టారు.

గేటు దగ్గర యూనిఫాంలో నిలబడ్డ సెక్యూరిటీ గార్డు అబ్దుల్ రహీం ఒక్కడే ఆశ్చర్యపోలేదు. ముందురోజు సాయంత్రం గాలి తిరిగిన తీరునుబట్టి, ఎడమకాలు సలుపునుబట్టి, పైన ఏదో పడబోతోందని అతనికి తెలుసు. అయినా ఆ తెలుపు కంటబడగానే లారీ నంబరు రాయడం ఆపేశాడు. అతను మంచు చూసి పదేళ్ళు దాటింది.

రహీంది నెల్లూరు జిల్లా ఆత్మకూరు దగ్గర పల్లె. పద్దెనిమిదేళ్ళు పట్టాళంలో చేసి హవల్దారుగా బయటికొచ్చాడు. అందులో ఒక చలికాలం సియాచిన్‌లో గడిచింది. అక్కడే ఎడమకాలి చివరి మూడు వేళ్ళూ పోయాయి. వేళ్ళు పోయినందుకు అతను అంతగా ఏడవలేదు. ఆ తర్వాత కాగితాల మీద అన్‌ఫిట్ అని రాసి, స్టోర్ రూములో దుప్పట్లు మడతపెట్టే పనికి తోసినందుకు ఏడ్చాడు. ఊరికొచ్చాక బ్యాంకులో గార్డు ఉద్యోగం ఉందంటే వెళ్ళాడు. వాళ్ళు కాలు చూసి అదే మాట అన్నారు. రెండేళ్ళు ఇంట్లో కూర్చున్నాడు. భార్య సుగ్రా బేగం జాకెట్లు కుడుతుంటే దారం అందిస్తూ కూర్చునేవాడు. మిలిటరీ రహీం కాస్తా మిషను రహీం అయ్యాడని ఊళ్ళో ఎవరో అన్నారు. ఆ మాట ఇప్పటికీ అతనికి నిద్రలో వినిపిస్తుంది.

అందుకే దుబాయ్ ఉద్యోగానికి కంపెనీవాళ్ళు ఇచ్చిన ఫారంలో ‘శరీర లోపాలు’ అన్నచోట ‘లేవు’ అని రాసి సంతకం పెట్టాడు. వీసా కోసం రక్తం చూశారు, ఛాతీకి ఎక్స్‌రే తీశారు. కాళ్ళు ఎవరూ చూడలేదు. అప్పటినుంచి మూడేళ్ళుగా అతని ఎడమ మేజోడు కొసలో గుడ్డముక్క కుక్కి ఉంటుంది. క్యాంపు గదిలో మేజోళ్ళతోనే పడుకుంటాడు. నమాజుకు ముందు వుజూ చేసేటప్పుడు కాళ్ళు కడగకుండా మేజోళ్ళ మీదే తడిచెయ్యి రాస్తాడు. అలా చెయ్యడానికి ప్రయాణంలో ఉన్నవాళ్ళకి మూడు రోజులు, ఇంటి పట్టున ఉన్నవాళ్ళకి ఒక్కరోజే వీలుందని గదిలో ఉండే కడప నబీ రసూల్ ఎన్నోసార్లు వాదించాడు. రహీం అతనికి జవాబు చెప్పేవాడు కాదు. తెల్లారుజామున అందరికంటే ముందు లేచి, ఎవరూ లేనప్పుడు కాళ్ళు కడుక్కుని వచ్చేవాడు. మార్చిలో కాంట్రాక్టు కొత్తది రాయాలి. కూతురు ఫిజా నెల్లూరులో నర్సింగు రెండో ఏడు చదువుతోంది. ఆ పిల్ల చదువు పూర్తయ్యేదాకా ఈ కాలు ఎవరి కంటా పడకూడదు. అతను అల్లాను కోరుకునేది ఆ ఒక్కటే.

మంచు పడ్డ మర్నాడు ప్లానింగ్ మేనేజర్ రామ్మోహనరావు కారు గేటు దగ్గర ఆపి అద్దం దించాడు. ఆయనది విజయవాడ. పన్నెండేళ్ళుగా అదే ఫ్యాక్టరీ. నిజాయితీపరుడని పేరు. ఎంత నిజాయితీ అంటే, సొంత బావమరిది కొడుకు డ్యూటీకి ఆలస్యంగా వచ్చి కార్డు మరొకరితో కొట్టించాడని తనే వెళ్ళి రిపోర్టు చేశాడు.

“ఏం రహీం, శుక్రవారాలు నువ్వు ఆ కొండలెక్కుతుంటావటగా?”

“అప్పుడప్పుడు పోతా ఉంటా సార్. మేకలోళ్ళ దోవ తెలుసు నాకు.”

“మా అమ్మాయి అమూల్య సెలవులకి వచ్చింది. మంచు పైకి తీసుకెళ్ళమని ఒకటే గొడవ. ఇదిగో, ఇంటర్నెట్‌లోంచి ఈ బొమ్మ కూడా తీసింది. మంచు మీద నడిచే చెప్పులట. ఇలాంటివి ఇక్కడెక్కడ దొరుకుతాయయ్యా?”

రహీం ఆ కాగితం తీసుకుని చూశాడు. నవ్వొచ్చింది. “ఇయ్యి స్నో షూలు సార్. మేం ఏసుకోని నెలల తరబడి నడిచినాం. కొనబళ్ళేదు, నేను చేస్తా.”

ఆ మాట నోరు జారింది. మేనేజరు అడిగితే గార్డు కాదనలేడన్నది ఒక కారణం అనుకోవచ్చు. అసలు కారణం అది కాదు. ఆ పైకి వెళ్ళాలని రెండు రోజులుగా అతని కాళ్ళు లాగేస్తున్నాయి. స్టోర్ రూములో దుప్పట్లు మడతపెట్టినవాడు, మిషను పక్కన దారం అందించినవాడు, గేటు దగ్గర లారీల నంబర్లు రాసేవాడు, ఇంకొక్కసారి మంచులో దారి చూపించేవాడు కావాలనుకున్నాడు. అందులో తప్పేముంది?

టైల్స్ పేర్చే చెక్క పాలెట్ ఒకటి విరిగి యార్డులో పడి ఉంటే దాన్ని ఊడదీసి మూడు జతల చట్రాలు చేశాడు. పెట్టెలకు బిగించే ప్లాస్టిక్ పట్టీలు తెచ్చి, నవారు మంచం అల్లినట్టు వాటిని అడ్డంగా నిలువుగా అల్లాడు. పాదం ఆనేచోట రెండు వరసలు వేశాడు. క్యాంపు వెనక ఇసుకలో తొడుక్కుని నడిచి చూస్తుంటే నబీ రసూల్ వాళ్ళు చుట్టూ చేరి, ఇవేం చెప్పులు భాయ్, మంచం కోళ్ళు ఊడిపోయినట్టుందే అని పడీపడీ నవ్వారు. రహీం కూడా నవ్వాడు. అంత హాయిగా అతను నవ్వి ఎన్నేళ్ళయిందో.

డిసెంబర్ ముప్పై ఒకటి, శుక్రవారం. తెల్లవారేసరికి ముగ్గురూ కొండ కింద వాదీ అనే ఎండు వాగులో ఉన్నారు. కారు వెళ్ళే దారి అక్కడితో ఖలాస్. ఆపైన రాళ్ళు పేర్చి కొండవాళ్ళు వేసుకున్న కాలిదారే. రామ్మోహనరావు భార్య కుసుమకుమారి ముగ్గురికి సరిపడా పులిహోర, ఫ్లాస్కు నిండా కాఫీ కట్టి పంపింది.

“ఉన్ని మేజోళ్ళు రెండేసి జతలు తెచ్చుకోండని చెప్పినా గదా సార్,” అన్నాడు రహీం.

“తెచ్చాంలే,” అన్నాడాయన. తెచ్చిన మాట నిజమే. సంచిలో కెమెరా పట్టలేదని అమూల్య వాటిని కార్లోనే వదిలేసిందని పైకెళ్ళాక గాని తెలియలేదు. ఆ పిల్ల కాళ్ళకి ఉన్నవి గాలి ఆడే పల్చటి స్పోర్ట్స్ బూట్లు. మద్రాసులో ఇంజనీరింగ్ చదివే ఇరవై ఏళ్ళ పిల్ల. ఉత్సాహానికి పెట్టింది పేరు. మొదటి రెండు గంటలూ అందరికంటే ముందు ఆమే నడిచింది.

రామ్మోహనరావుకి మాత్రం పది నిమిషాలకోసారి కొండ అందాలు నిలబడి చూడాలనిపించేది. ఆయాసం అని ఒప్పుకోవడం కన్నా అది మర్యాదగా ఉంటుంది కదా. పదకొండు గంటలకి మేకల దొడ్లు దాటారు. ఒంటిగంటకి రాళ్ళ సందుల్లో మొదటి మంచు కనిపించింది. అమూల్య దోసిట్లోకి తీసుకుని నాన్న మెడ మీద పోసింది. ఆయన కెవ్వుమని గెంతాడు. ఆ కొండ మీద ఆ నిమిషాన ముగ్గురూ చిన్నపిల్లలే.

నిజం చెప్పాలంటే అక్కడ పడ్డది సియాచిన్ లెక్కలో మంచే కాదు. గాలి తోసుకొచ్చి లోయ మడతల్లో పోసినచోట మాత్రం మోకాలి లోతు ఉంది. కింద రాళ్ళ మధ్య ఖాళీలు పైకి కనబడవు. కాలు దిగితే చీలమండ విరుగుతుంది. అక్కడ రహీం చేసిన చెప్పులు పనికొచ్చాయి. కాళ్ళు ఎడంగా పెట్టి, మోకాలు ఎత్తి, మడమ ముందు ఆనించి ఎలా నడవాలో అతను చూపించాడు. వెనకాల ఇద్దరూ అతని అడుగులో అడుగు వేశారు. “రైట్, లెఫ్ట్, నిలబడ్డం లేదు, ఊపిరి ముక్కుతోనే” అని హిందీలో, తెలుగులో కేకలేస్తున్న ఆ మనిషి గేటు దగ్గర సలాం కొట్టే రహీమేనా అని రామ్మోహనరావు విస్తుపోయాడు.

ఇంకో అరగంటలో కొస చేరతారనగా అమూల్య రెండుసార్లు తూలింది. 

“ఏం పాపా, కాళ్ళు నొప్పా?” 

“ఇందాక చాలా నొప్పి పుట్టాయంకుల్. ఇప్పుడస్సలు లేదు. నాకేం తెలియట్లేదు, హాయిగా ఉంది.”

రహీం అక్కడికక్కడే ఆగిపోయాడు. “కూర్చోమ్మా. బూట్లిప్పు.” 

“వద్దంకుల్! పైకెళ్ళి విప్పుతా. అదిగో, కనబడుతోందిగా!” 

“ఇప్పమ్మా.” 

“నాన్నా, చెప్పండి!”

రామ్మోహనరావు కూతురి వైపు చూశాడు, కొస వైపు చూశాడు. “ఇంతదూరం వచ్చాం కదా రహీం. అరగంటేగా. నొప్పి లేదంటోంది కదా,” అన్నాడు.

ఏం చెప్పినా వీళ్ళు వినరని రహీంకి అర్థమైంది. నొప్పి లేకపోవడమే ప్రమాదమని మాటలతో చెబితే నమ్మేవాళ్ళు కారు. అతను కూడా ఒకప్పుడు నమ్మలేదు. ఒక్క క్షణం కళ్ళు మూసుకున్నాడు. తర్వాత రాతి మీద కూర్చుని, ఎడమ బూటు తాడు విప్పి, మేజోడు లాగేశాడు. కొసలోని గుడ్డముక్క మంచులో పడింది.

“చూడు పాపా. నాక్కూడా నొప్పి పోయిందని సంబరపడినా. అదిగో టెంటు, అరగంటే గదా అనుకున్నా. బూటిప్పేతలికి వేళ్ళు మైనం మాదిరి ఉండాయి. తర్వాత నల్లబడినాయి. తర్వాత డాక్టరు కోసేసినాడు. ఇప్పుడు నీ ఇష్టం.”

అమూల్య ఆ పాదాన్ని చూసి, కూలబడి బూట్లు విప్పింది. మేజోళ్ళు పిండితే నీళ్ళు కారాయి. కుడికాలి వేళ్ళు నాలుగు పాలిపోయి, నొక్కినా రంగు మారకుండా ఉన్నాయి. రామ్మోహనరావు గుప్పెడు మంచు అందుకున్నాడు. దాంతో రుద్దబోతే రహీం ఆయన చెయ్యి పట్టుకుని ఆపాడు.

“రుద్దగూడదు సార్! చొక్కా ఎత్తండి. పాప కాలు మీ పొట్టకి ఆనించుకోని, పైన కోటు కప్పండి. తండ్రి గదా, సిగ్గేముంది.”

అలా ఆ చలిలో రామ్మోహనరావు చొక్కా పైకెత్తుకుని, ఎదిగిన కూతురి చల్లటి పాదం పొట్టకి హత్తుకుని అరగంట కూర్చున్నాడు. ఆయన పళ్ళు టకటకలాడుతున్నాయి. కళ్ళలోంచి నీళ్ళు ధారగా కారుతున్నాయి. కాసేపటికి వేళ్ళు ఎర్రబడి, ఆ పిల్ల నొప్పికి గట్టిగా ఏడవడం మొదలుపెట్టింది. “ఏడువమ్మా, బాగా ఏడువు. వేళ్ళు బతికినాయి,” అన్నాడు రహీం. తన కోసం దాచుకున్న పొడి మేజోళ్ళు ఆమెకి తొడిగించాడు. తడిసిన గుడ్డముక్కని ఏరుకుని తన బూట్లో కుక్కుకున్నాడు.

దిగబోయే ముందు రామ్మోహనరావుని పక్కకి పిలిచాడు. “సార్, ఒక్క మాట. నా కాలి సంగతి కింద ఎవురికీ చెప్పొద్దు.” 

“ఎందుకయ్యా? ఇంత గొప్ప...” 

కారణం నాలుక చివరిదాకా వచ్చింది. ఫారంలో అబద్ధం రాశానని మేనేజరుకి చెప్పడమంటే తన నోటితో తన ఉద్యోగం తీసేసుకోవడమే. అందులోనూ సొంత బావమరిది కొడుకుని రిపోర్టు చేసిన మేనేజరుకి.

“ఊరికే సార్. చెప్పొద్దు, అంతే. మాటియ్యండి.” 

“ఎంత వినయమయ్యా నీది!” అంటూ ఆయన రహీం రెండు చేతులూ పట్టుకున్నాడు. “చెప్పను. మాట.”

మర్నాడు క్లినిక్‌లో డాక్టరు, సమయానికి విప్పారు కాబట్టి సరిపోయింది, ఇంకాస్త ఆగితే చెప్పలేమన్నాడు. ఆరోజు నుంచి రహీం కాస్తా రహీం గారయ్యాడు. గేటు దగ్గర రామ్మోహనరావు కారు దిగి మరీ నమస్కారం పెట్టేవాడు. కుసుమకుమారి వారానికి మూడుసార్లు క్యారేజీ పంపింది. క్యాంపులో అందరూ ఆ పప్పుచారు మరిగారు. మనిషిని మనిషిగా చూడటం ఇదే కదా అని రహీం కూడా మురిసిపోయాడు. అక్కడితో ఆగి ఉంటే ఈ కథ చెప్పుకోవలసిన పనే లేదు.

కానీ మనవాళ్ళకి కృతజ్ఞత పుడితే అది కడుపులో ఆగదు. స్టేజీ ఎక్కాలి, మైకు కావాలి, శాలువా కావాలి. రాస్ అల్ ఖైమాలో ఆ మూడూ త్రిమూర్తులు అనే ఒక్క మనిషి చేతిలో ఉన్నాయి. ఆయన తెలుగు సంఘం కార్యదర్శి, రాజోలు వైపు మనిషి, వృత్తి ఏసీ కంపెనీలో స్టోర్‌కీపరు. ఎవరి భుజం ఖాళీగా కనబడినా శాలువా కప్పకుండా ఉండలేడు. ఆ డిసెంబర్‌లోనే సునామీ వచ్చి కోస్తా అంతా అతలాకుతలమైందని న్యూ ఇయర్ పార్టీ మానేసి, జనవరి చివరి శుక్రవారం జాలర్ల సహాయనిధికి సభ పెట్టారు. జనం రావాలంటే ఆకర్షణ ఉండాలి కదా.

“ఏవండీ రహీం గారూ, మీకు సన్మానం చేత్తన్నావండీ,” అన్నాడు ఫోనులో. 

“నాకొద్దు సార్.” 

“అదేంటండీ బాబూ! మీరొద్దంటే ఎలాగండీ? మీ నెల్లూరోళ్ళ కోసవేగా ఈ సభంతా!”

రెండోసారి రామ్మోహనరావుకి గేటు దగ్గర చెప్పాడు. ఆయన నవ్వి వెళ్ళిపోయాడు. మూడోసారి ఆయన ఇంటికే వెళ్ళి, గుమ్మంలో నిలబడి, చేతులు జోడించాడు. “సార్, మీ కాళ్ళు పట్టుకుంటా, ఈ సన్మానం నాకొద్దు.” కుసుమకుమారి కళ్ళొత్తుకుంది. ఇంత నిగర్వి ఈ రోజుల్లో ఎక్కడుంటాడని భర్తతో అంది.

రహీం చేసిన పొరపాటు ఏమిటంటే, వద్దు అనడం. మనలో సన్మానం అందరూ వద్దనే అంటారు. మొదటిసారి వద్దంటే మర్యాద తెలిసినవాడు, రెండోసారి వద్దంటే సంస్కారవంతుడు, మూడోసారి కూడా అంటే ఇక మామూలు దండ చాలదు, గజమాల తెప్పించాల్సిందే. నిజంగా వద్దనుకునేవాడు ఏ మాట వాడాలో మనవాళ్ళు ఎవరికీ నేర్పలేదు. ఆ సాయంత్రం డ్యూటీ వేయించుకుని తప్పించుకుందామని కూడా చూశాడు. రామ్మోహనరావు స్వయంగా సెక్యూరిటీ ఇన్‌ఛార్జితో మాట్లాడి సెలవు ఇప్పించాడు. పైగా సహాయనిధికి కంపెనీ కూడా చెయ్యి కలుపుతోందని, జనరల్ మేనేజరే ముఖ్య అతిథి అని చెప్పాడు.

సభలో నాలుగొందల మంది. మధ్య కుర్చీలో జోర్డాన్‌కి చెందిన జనరల్ మేనేజరు, అంటే పెద్ద ముదీర్. ఆయన పక్కన, ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కాలో రహీం. కాళ్ళు రెండూ కుర్చీ కిందికి ముడుచుకుని కూర్చున్నాడు. రామ్మోహనరావు మాట ఇచ్చాడు, మాట మీద నిలబడే మనిషి, మంచు గురించే మాట్లాడతారులే అని తనకు తాను ధైర్యం చెప్పుకుంటున్నాడు. త్రిమూర్తులు ఫ్రేము కట్టించిన సన్మానపత్రం ఎత్తిపట్టి, గొంతు సవరించుకుని చదివాడు.

“హిమశిఖర విజేతా! తెలుగుజాతి ముద్దుబిడ్డా! హిమాలయ సానువులలో నీ వామపాదాంగుళీత్రయమును భరతమాత చరణములకు పుష్పములుగా సమర్పించిన త్యాగధనా!...”

రహీంకి ఆ గ్రాంథికం సగం అర్థం కాలేదు. జనం చప్పట్లు కొడుతూ తన బూటు వైపు మెడలు సాచడం మాత్రం అర్థమైంది. నబీ రసూల్ వెనక వరసలో నోరు తెరుచుకుని నిలబడిపోయాడు. రహీం రామ్మోహనరావు వైపు చూసి, వద్దన్నట్టు తల అడ్డంగా ఊపాడు. ఆయన అప్పటికే మైకు దగ్గరికి వెళ్ళిపోయాడు. ముఖ్య అతిథికి తెలుగు రాదు కదా.

“నన్ను క్షమించాలి. ఈ సంగతి చెప్పనని నేను కొండ మీద మాటిచ్చాను. ఈ పత్రం రాయించినప్పుడే ఆ మాట తప్పాను, ఇప్పుడు అందరి ముందూ తప్పుతున్నాను. తప్పకపోతే నా మనస్సాక్షి ఒప్పుకోదు,” అని తెలుగులో మొదలుపెట్టి, ఆ తర్వాత అంతా ఇంగ్లీషులో చెప్పాడు. బూటు విప్పడం, గుడ్డముక్క మంచులో పడటం, మూడు వేళ్ళు లేని పాదం. చాలా బాగా చెప్పాడు. అంత బాగా ఆయన జీవితంలో ఎప్పుడూ మాట్లాడి ఉండడు. ఆడవాళ్ళు ఏడ్చారు. పట్టాళంలో ఇంగ్లీషు విని అర్థం చేసుకోవడం అలవాటైన రహీం ప్రతి మాటా విన్నాడు. త్రిమూర్తులు కప్పిన శాలువా కింద అతని ఒళ్ళంతా చెమట పట్టింది.

అందరికంటే ఎక్కువ కదిలిపోయింది పెద్ద ముదీర్. లేచి రహీంని కౌగిలించుకుని, రెండు బుగ్గల మీదా ముద్దు పెట్టుకున్నాడు. ఇలాంటి మనిషి నా గేటు దగ్గర మూడేళ్ళుగా ఉన్నాడని నాకు తెలియకపోవడం నా సిగ్గు అన్నాడు. ఇతని ఫోటో, ఇతని కథ రిసెప్షన్‌లో పెట్టించమని, కంపెనీ తరఫున అవార్డు ఇవ్వమని అక్కడికక్కడే ఆర్డరు వేశాడు. నిజంగా ప్రేమతోనే వేశాడు.

ఆ అవార్డు కాగితం రాయడానికి శనివారం హెచ్.ఆర్. ఆఫీసులో రహీం ఫైలు బయటికి తీశారు. ఆదివారం ఇన్సూరెన్స్ కంపెనీకి ఫోను వెళ్ళింది. సోమవారం రహీంని పిలిచారు. బల్ల వెనక కూర్చున్న క్లర్కు ఖాసిం హైదరాబాదువాడు. తల ఎత్తకుండానే మాట్లాడాడు.

“భాయ్, గీ ఫారం నువ్వే నింపినవా?” 

“నేనే.” 

“శరీర లోపాలు లేవని రాసినవ్. సంతకం నీదే. ఇన్సూరెన్సోల్లు ఒప్పుకుంటలేరు. నేనేం జెయ్యాలె చెప్పు? పెద్ద ముదీర్ సుత రెండుసార్లు ఫోన్ జేసిండు, ఏమన్న దారి ఉన్నదా అని. దారి లేదు భాయ్. వీసా క్యాన్సిల్.”

“పని సరిగ్గా చెయ్యలేదా నేను? మూడేళ్ళలో ఒక్క రిమార్కు ఉందా?” 

“పని గురించి ఎవ్వరు ఏమంటలేరు,” అన్నాడు ఖాసిం. “నిజంగ, నాకు మస్తు బాధైతుంది.” 

కాగితంలో కారణం అన్నచోట, గార్డు ఉద్యోగానికి శారీరకంగా అన్‌ఫిట్, తప్పుడు వివరాలు ఇచ్చాడు అని ఉంది. రహీం సంతకం పెట్టాడు. బయటికొచ్చి, రిసెప్షన్‌లో తన ఫోటో బిగించడానికి గోడకి కొట్టిన మేకు చూసి నడిచాడు.

ఇంటికి ఫోను చేసి చెప్పాడు. సుగ్రా బేగం ఎప్పుడు బయల్దేరతారని అడిగింది. చివరికి, “రాండి. మిషను ఉందిగా,” అంది. ఓదార్పుగానే అంది పాపం. రహీం ఫోను పెట్టేసి క్యాంపు వెనక గోడకి తల ఆనించి నిలబడ్డాడు. ఫిజా సంగతి ఆమె ఎత్తలేదు, అతనూ ఎత్తలేదు. ఇద్దరికీ తెలుసు, ఫీజు కట్టే దారి లేదని.

ప్రయాణం రోజు మధ్యాహ్నం త్రిమూర్తులు ఫోను చేశాడు. “ఎంత పని జరిగిపోయిందండీ! అలా చడీచప్పుడూ లేకుండా వెళ్ళిపోకూడదండి. చిన్నగా ఓ వీడ్కోలు సభ పెట్టుకుందావండీ. ఓ గంటంతే.” రహీం ఫోను కట్ చేశాడు. పక్కన నబీ రసూల్, అప్పటికే కట్టేసిన పెట్టెని మళ్ళీ విప్పి, మళ్ళీ కట్టాడు.

మూడు గంటలకి రామ్మోహనరావు వచ్చాడు. పది రోజుల్లో పదేళ్ళు పైబడ్డట్టున్నాడు. గది గుమ్మం దాటి లోపలికి రాలేకపోయాడు. రహీమే బయటికి వచ్చాడు.

“నేను ఎవరెవరి కాళ్ళు పట్టుకున్నానో మీకు తెలియదు రహీం గారూ. పెద్ద ముదీర్ గదిలో ఏడ్చాను. లాభం లేకపోయింది,” అన్నాడు. “మీరు కారణం ఒక్కముక్క చెప్పి ఉంటే...” 

“వద్దని చెప్పినాను సార్. కొండ మీద ఒకసారి, కింద మూడు సార్లు.” 

“మొహమాటానికి అంటున్నారనుకున్నాను.” 

“చేతులెత్తి మొక్కి చెప్పినాను.” 

రామ్మోహనరావు తల దించుకున్నాడు. అంతలోనే నిందించబడ్డ మనిషికి వచ్చే ఉక్రోషమేదో ఆయనకీ వచ్చింది. “మరి ఆరోజు మా అమ్మాయి వద్దు వద్దంటుంటే మీరు విన్నారా రహీం గారూ? వినకపోబట్టేగా దాని కాలు దక్కింది! మీ మంచి కోరే నేనూ వినలేదు.”

రహీంకి మూడు నాలుగు జవాబులు తోచాయి. పట్టాళంలో నేర్చిన బూతులు కూడా గుర్తొచ్చాయి. “నేను కాలు చూసి మాట్లాడినాను సార్,” అన్నాడు చివరికి. “మీరు మైకు చూసి మాట్లాడినారు.”

రామ్మోహనరావు జేబులో ఫోను మోగితే తీసి రహీంకి అందించాడు. “అమూల్య. మద్రాసు నుంచి. మీతో మాట్లాడాలని పొద్దుట్నించి ఏడుస్తోంది.”

“అంకుల్...” అని ఆ పిల్ల ఏడ్చేసింది. 

“కాలెట్టా ఉందమ్మా?” 

“బాగుందంకుల్. అస్సలు నొప్పి లేదు. నిన్న డాన్సు క్లాసుకి కూడా వెళ్ళాను. మీవల్లే అంకుల్. నావల్లే మీకు...” 

“సరేమ్మా. బాగా చదువుకో,” అని ఫోను తండ్రికి ఇచ్చేశాడు.

యల్లా యల్లా అంటూ ఎయిర్‌పోర్టు వ్యాను డ్రైవరు హారన్ కొట్టాడు. రహీం పెట్టె భుజానికెత్తుకున్నాడు. నొప్పి లేదన్న ఆ పిల్ల గొంతు అతని చెవిలో ఇంకా ఉంది. ఆరోజు ఆ పిల్లని ఎక్కనిచ్చి ఉండాల్సింది అనుకున్నాడు. అరగంటే కదా, వాళ్ళ నాన్నే ఎక్కమన్నాడు కదా, నాకెందుకు అని ముందు నడిచి ఉండాల్సింది. నాలుగు వేళ్ళు పోయేవి. వాళ్ళ పిల్ల వేళ్ళే పోయేవి.

అలాంటి తలపు వచ్చినందుకు తనకు సిగ్గేస్తుందేమోనని వ్యాను ఎక్కేదాకా ఎదురుచూశాడు. సిగ్గు వెయ్యలేదు. రామ్మోహనరావు కిటికీ దగ్గరికి వచ్చి చేతులు జోడిస్తే, రహీం అద్దం ఎక్కించుకున్నాడు.